పునాది దగ్గరి మనిషి

రాకెట్ ఎగిరితే శాస్త్రవేత్తకు చప్పట్లు కొడతాం. దాన్ని పరీక్షించిన కేంద్రాన్ని కట్టించిన సైట్ ఇంజనీరును ఎవరూ తలవరు. నాకు ఆయనంటే గౌరవం. పరీక్షా యంత్రం అదిరితే కొలత తప్పుతుంది, అందుకే దాని పునాదిని చుట్టుపక్కల నేల నుంచి విడదీసి పోయిస్తాడు. కాంక్రీటు క్యూబులను 7వ రోజు, 28వ రోజు నలగ్గొట్టించి బలం చూస్తాడు. అనుమానమొస్తే పని ఆపేస్తాడు, గడువు ఎంత తరుముతున్నా సరే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మనకు ఈ శ్రద్ధ కొత్త కాదు. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న పాలంపేటలో, 1213 నాటి గుడికి ఇసుక నింపిన పునాది వేశారు, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు పేర్చారు. ఆ గుడిని శిల్పి రామప్ప పేరుతోనే పిలుచుకుంటున్నాం. అలాగే కొత్త పరీక్షా కేంద్రాల శిలాఫలకాల మీద సైట్ ఇంజనీర్ల, మేస్త్రీల పేర్లు కూడా చెక్కించండి.