చట్టంలోంచి ఎగిరిపోయిన ఒక్క మాట

ఆదాయపు పన్ను చట్టాన్ని సరదాగా చదివేవాళ్లు ఉండరు. అయినా 1961 చట్టంలోని 37(1) సెక్షన్‌ను మాత్రం పనితనం కోసమే చదవొచ్చు. ఉన్నది ఒకే వాక్యం. పెట్టుబడి ఖర్చు కాకూడదు, సొంత ఖర్చు కాకూడదు, 30 నుంచి 36 దాకా సెక్షన్లలో చెప్పినది కాకూడదు. ఇక మిగిలిన ఏ ఖర్చయినా ‘పూర్తిగా, కేవలం’ వ్యాపారం కోసం పెట్టినదైతే లెక్కలో మినహాయించి తీరాలి. అధికారి దయాదాక్షిణ్యాలతో పనిలేదు.

అసలు నేర్పు ఇందులో లేని మాటలో ఉంది. 1961 బిల్లులో ‘పూర్తిగా, అవసరంగా, కేవలం’ అని మూడు షరతులు పెట్టారు. జనం అభ్యంతరం చెప్పడంతో ‘అవసరంగా’ ఎగిరిపోయింది. 1979లో సాసూన్ జె. డేవిడ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతిని తవ్వితీసింది. ఏ ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోవాల్సింది వ్యాపారే. అవసరం లేకపోయినా, తనంతట తానే పెట్టినా, వ్యాపారం మేలు కోరి పెట్టినదైతే చాలని తేల్చింది.

హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందనుకోండి. దాని పనంతా ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ లైబ్రరీ మీదే నడుస్తోంది. దాన్ని నడిపేవాళ్లకు నెలనెలా కొంత పంపుతోంది. ఎవరూ అడగలేదు, పంపకపోతే ఆగేదీ లేదు. ఆ ‘అవసరంగా’ అన్న మాట ఉండి ఉంటే ఈ ఖర్చు గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

మన రైస్ మిల్లుల కేసు దీనికి మంచి తోడు. బియ్యం బయటికి పంపే పర్మిట్ల కోసం ఆంధ్రప్రదేశ్ మిల్లర్లు కలెక్టర్ చూసే జిల్లా సంక్షేమ నిధికి డబ్బు కట్టారు. హైకోర్టు కాదంది. శ్రీ వెంకట సత్యనారాయణ రైస్ మిల్ కాంట్రాక్టర్స్ కేసులో (1997, 223 ఐటీఆర్ 101) సుప్రీంకోర్టు ఔనంది. ప్రజా సంక్షేమ నిధికి ఇచ్చిందైనా వ్యాపారంతో నేరుగా ముడిపడితే, వ్యాపారానికి లాభిస్తే ఖర్చేనంది. పేరు విరాళమా, చందానా అన్న పట్టింపు లేకుండా డబ్బు ఎందుకు కదిలిందో చూసిన ఈ తీర్పు నాకు భలే నచ్చుతుంది.

తర్వాత వేసిన అతుకులకు అంత అందం లేదు. కంపెనీల చట్టం కింద సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) పద్దులో రాసిన సొమ్ముకు ఇక్కడ చోటు లేదని 2014లో వివరణ చేర్చారు. విరాళాలకు మినహాయింపునిచ్చే, అదే చట్టంలోని 80జీ సెక్షన్ దారి వేరు: మన దేశంలో గుర్తింపు పొందిన సంస్థకే ఇవ్వాలి, నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు. సొంత పేరుతో వ్యాపారం చేసుకునేవాళ్లు కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ వర్తించదు.

1961 చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ నంబరు మారినా ‘పూర్తిగా, కేవలం’ అలాగే ఉంది. మీ కంపెనీ కూడా ఇలాంటి ఓపెన్ సోర్స్ లైబ్రరీకి డబ్బు పంపుతుంటే, దాన్ని మీ పనిలో ఎక్కడ వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి రసీదుతో జతచేయండి. ఆడిటర్ మొదట అడిగేది అదే.