గొంతు ఎవరిది?

మా అమ్మ తాండూరులో ఉంటుంది, నేను వికారాబాద్‌లో. రైలెక్కితే గంటలోపు ప్రయాణమే గానీ నెలకి రెండుసార్లు పోతే గొప్ప. పోయిన వానాకాలం ఆమె కందిపప్పు చెరుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే, ఇదే పాటని ఫోన్‌లోని ఏఐ సహాయకుణ్ణి అడిగాను. (సహాయకుడని ఎందుకన్నానో! దానికున్నది ఆడగొంతే. చెప్పిన పని చేసిపెట్టే యంత్రానికి ఆడగొంతే ఎందుకు తగిలిస్తారన్నది ఇంకో వ్యాసం.)

రాగం దానికి పట్టుబడలేదు. నాకు అర్థమైన నాలుగు మాటలు టైపు చేస్తే చెప్పింది: 1955 నాటి 'రోజులు మారాయి'లోని ఏరువాక పాట. హీరో అక్కినేని, రచన కొసరాజు, సంగీతం మాస్టర్ వేణు, నాట్యం వహీదా రెహమాన్. 1960లో ఎస్.డి. బర్మన్ ఆ బాణీని 'బంబై కా బాబూ'లో వాడుకున్న సంగతీ చెప్పింది. అన్నీ నిజాలే. పాడిందెవరో మాత్రం చెప్పలేదు. అడిగితే పి. లీల అంది. కాదంటే, క్షమాపణ చెప్పి సుశీల అంది. జిక్కి అని చివరికి నేనే చెప్పాను.

యంత్రానికి జిక్కితో పగేమీ లేదు. మనం రాసిపెట్టినదే అది చదువుకుంది. పాట అంటే ఫలానా హీరో పాట అని చెప్పుకునే అలవాటు మనదే. 1949లో 'మహల్' రికార్డు మీద గాయని పేరుగా సినిమాలోని పాత్ర పేరు 'కామిని' అనే వేశారు. ఎవరీ గొంతు అని శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాస్తే తప్ప లతా మంగేష్కర్ పేరు బయటికి రాలేదు.

ఇంకో పరీక్ష పెట్టాను. ఘంటసాల గానం గురించి చెప్పమంటే శాస్త్రీయ శిక్షణ, ఉచ్చారణ, రాగజ్ఞానం, పద్యం చదివే తీరు అంటూ పేజీ నింపింది. జిక్కి గురించి అడిగితే 'మధురమైన, శ్రావ్యమైన గొంతు' అని రెండు వాక్యాల్లో ముగించింది. ఇది మన సినిమా సంగీత విమర్శ భాష! మగవాడిది విద్య, ఆడదానిది తీపి. 1957 నాటి 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు కట్టిన రాగమాలికని ఘంటసాలతో సమానంగా పాడింది జిక్కే కదా. హిందీలో దాన్ని పాడటానికి లత, రఫీ కావలసి వచ్చారు. ఒక రాగంలోంచి ఇంకో రాగంలోకి మారే చోట తొణకని ఆ గొంతుని తీపి అనేసి ఊరుకుంటే ఎలా? ఏరువాక పాటలో ఆమె చేసింది పూర్తిగా వేరు. అక్కడ నునుపు లేదు, చిలిపిదనం ఉంది. ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసినట్టు మాట చివర గొంతుని పైకి విసురుతుంది. వహీదా కాళ్ళకి ఆ హుషారు సగం ఈ గొంతు ఇచ్చిందే.

ఇదంతా అమ్మకి చెబితే నవ్వింది. "సిన్మ నేనెన్నడు జూసిన బిడ్డా? మా చిన్నమ్మ కంది చేన్ల కలుపు తీస్కుంట పాడుతుండె. మాటలు గూడ వేరే."

ఆ మాటలూ టైపు చేశాను. 'ఇది సినిమా పాటకి స్థానిక రూపాంతరం కావచ్చు' అంది యంత్రం. ఇక్కడ నాకు కోపమొచ్చింది. చేలల్లోని బాణీలు సినిమాలోకి పోలేదా? అచ్చయినదానికి తేదీ ఉంది కాబట్టి అదే మూలం, చిన్నమ్మ గొంతుకి తేదీ లేదు కాబట్టి అది నకలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందిచేలల్లో కలుపు తీసిన పాటలకి ఏ చిట్టాలోనూ చోటు లేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008 నుంచి సంఘం రేడియోలో తమ పాటలు తామే పాడి ప్రసారం చేసుకున్నారు. మా వైపు అలాంటిదేదీ నేను వినలేదు.

అయితే ఒక మేలు ఒప్పుకోవాలి. యంత్రం వెతికిపెట్టిన జిక్కి పాటలు ఆ రాత్రి అమ్మా నేనూ పదకొండు దాకా విన్నాం. మర్నాడు అమ్మ తన పాటని ఫోన్‌కి పాడింది. అది తెలుగులో రాసి చూపించింది. 'ఒర్రె' అన్నచోట 'వర్రీ' అని ఉంది, 'సద్ది' 'సర్ది' అయింది. "గిదేం రాత?" అంది అమ్మ. కాగితం తీసుకుని నేనే రాశాను. రెండు చరణాలే వచ్చాయి. మూడోది బషీరాబాద్‌లో ఉన్న పెద్దమ్మకి వస్తుందట. ఆమెకి ఫోన్‌లో సరిగా వినపడదు, పోవాలి.