హరి ఏ రంగు?

ధనుర్మాసంలో పొద్దున్నే హరిదాసు వాకిట్లో మోకాళ్లు వంచుతాడు. లోపలినుంచి పరుగెత్తుకొచ్చిన పిల్ల అతని తలమీది అక్షయపాత్రలో దోసెడు బియ్యం పోస్తుంది. ఆ వాకిట్లో హరి అంటే విష్ణువే.

సంస్కృత నిఘంటువు అమరకోశంలో నానార్థవర్గం తీస్తే విష్ణువు చుట్టూ పెద్ద గుంపే ఉంటుంది. యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, చివరికి కప్ప. అందరూ హరులే. వాల్మీకి రామాయణంలో హరీశ్వరుడంటే కోతుల రాజు సుగ్రీవుడు.

ఈ గుంపును కలిపే దారం కూడా ఆ నిఘంటుకర్త అమరసింహుడే అందించాడు. హరి ఒక రంగు పేరు కూడా. సింహం జూలు, కోతి ఒళ్లు, చిలుక రెక్క, కప్ప వీపు, పొద్దుటి ఎండ తలచుకుంటే లేత గోధుమ వన్నెనుంచి పసుపు మీదుగా ఆకుపచ్చ దాకా ఆ రంగు పరుచుకున్నట్టు తెలుస్తుంది. గాలికీ యముడికీ మాత్రం రంగు అంటగట్టడం కష్టం. అక్కడ తీసుకుపోవడం అనే అర్థమున్న ‘హృ’ ధాతువే పొసగుతుంది.

పసుపూ ఆకుపచ్చా ఒకే మాటలో ఎలా ఇముడుతాయని తెలుగువాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ‘పచ్చ’ చేసే పని అదే. పచ్చకామెర్లలో అది పసుపు, పచ్చగడ్డిలో ఆకు రంగు. పసరు, పసుపు, పసిడి మూడూ ఆ కుదురులోవే. సంస్కృతంలో వాటికి ఎదురుగా హరితం, హరిద్ర, హిరణ్యం నిలబడతాయి. చుట్టరికం లేని రెండు భాషలు ఆకునూ పసుపుకొమ్మునూ బంగారాన్నీ ఒకే చూపుతో చూశాయి. నిఘంటువులో ఇంతకన్నా అందమైన చోటు అరుదు.

గద్వాల చీర కొంగును వెలుతురుకేసి పట్టుకుంటే మెరిసే జరీ కూడా హరికి దూరపు చుట్టమే. పారసీకంలో ‘జర్’ అంటే బంగారం. సంస్కృతంలో ‘హ’ పలికే చాలా చోట్ల పాత ఇరానీ భాష అవెస్తా ‘జ’ పలికింది. మన హస్తం అవెస్తాలో ‘జస్త’, హిరణ్యం ‘జరన్య’.

దేవుడికి హరి అనే పేరెందుకంటే పాపాలను హరిస్తాడు కనుక అని పెద్దలు చెబుతారు. మహాభారతం శాంతిపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కారణాలు వేరు. యజ్ఞాల్లో తన భాగం తాను తీసుకుంటాడట, పైగా తన మేని రంగు శ్రేష్ఠమైన హరి వర్ణమట. ఆ రంగు మాట హరికథ చెప్పే దాసుగారు ఎవరైనా ఎత్తుకుంటే, చిలుకనూ కప్పనూ కూడా కథలోకి పిలిస్తే, వినాలని ఉంది.