రుక్మిణీ సందేశము – నేటి పెండ్లి సంబంధములు

వివాహము కావలసిన కన్యలచేత రుక్మిణీకల్యాణమును పారాయణము చేయించుట తెలుగువారి చిరకాలాచారము. అట్లు చేసిన శీఘ్రముగా మంచి సంబంధము కుదురునని పెద్దల నమ్మకము. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి భివండికి వచ్చి మరమగ్గములపై జీవించుచున్న మన కుటుంబములలోను ఈ యాచారము నిలిచియుండుట నేను చూచితిని. అయితే పారాయణము చేయించువారు కథలోని విశేషమును గమనించుట అరుదు. సంబంధము రావలెనని చదివించు నీ కథలో సంబంధమును తానై కలుపుకొన్నది కన్యయే.

పోతన భాగవతము, దశమస్కంధములోని కథ ఇది. విదర్భరాజగు భీష్మకుని కూతురు రుక్మిణి. అన్న రుక్మి ఆమెను శిశుపాలున కీయదలచెను. ఆమె అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని ద్వారకకు పంపెను. ఆ సందేశమును ప్రేమలేఖగా మెచ్చుకొనువారు పెక్కుమంది. దాని బలము వేరొకచోట నున్నదని నా యభిప్రాయము. అంతఃపురమునుండి తన్ను గొనిపోవలెనన్న బంధువులను చంపవలసివచ్చునని కృష్ణుడు సంకోచింపవచ్చును. ఆ చిక్కును ముందే యూహించి యామె యుపాయము చెప్పినది. పెండ్లికి ముందు కన్య ఊరివెలుపల గౌరిని సేవించుట వారి కులాచారము. అప్పుడు వచ్చి తన్ను గొనిపొమ్మన్నది. ఆమె యాచారమును ధిక్కరింపలేదు. ఆచారమునే ద్వారముగా చేసికొన్నది. నేటికిని మన పెండ్లికూతుండ్రచేత గౌరీపూజ చేయించుచున్నాము. పూజ మిగిలినది, కన్య మాట మిగులలేదు.

రుక్మిణి లక్ష్మియంశ గదా, ఆమెతో మన పిల్లలకు పోలిక యేమని కొందరు ప్రశ్నింతురు. దూత రాక ఆలస్యమైనప్పుడు రుక్మిణి పడిన సంశయమును, వేదనను పోతన యెంత వివరముగా వర్ణించెనో వారు చూడవలెను. అది దేవత ధీమా కాదు. జవాబునకై యెదురుచూచు నొక ఆడపిల్ల గుండెదడ.

దీనికి ఎదుట గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును నిలిపి చూడుడు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మారిన రూపముతో వెలువడిన నాటకమిది. అగ్నిహోత్రావధానులు సొమ్ము పుచ్చుకొని చిన్నకూతురు సుబ్బిని వృద్ధుడగు లుబ్ధావధానుల కీయ నిశ్చయించును. తల్లి నూతిలో దూకినది. మేనమామ యెత్తు వేసెను. సుబ్బి యభిప్రాయము నెవ్వరును అడుగలేదు. ఆడువేషము వేసిన శిష్యుని లుబ్ధావధానులకు కట్టబెట్టుట వట్టి హాస్యము కాదు. కన్యను ఒక్క మాటయైన నడుగని సంబంధములో కన్యకు బదులు బాలుడు కూర్చున్నను తెలియదు. నాటక హృదయము ఇదియే.

ఆనాడు సొమ్ము వరునివైపునుండి వచ్చెడిది. పిమ్మట దిశ మారినది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను కట్నము పోలేదు. సొమ్ము ఎటు నడచినను అడుగబడనిది కన్యయే. మన యిరుగుపొరుగు మహారాష్ట్రుల పెండ్లిచూపులలో కాందేపోహే పళ్లెము, మన యిండ్లలో తేనీటి పళ్లెము. రెండుచోట్లను మోయునది పిల్ల, ప్రశ్నించువారు పెద్దలు. చేమగ్గపు టింటిలో కండెలు చుట్టిన చేయి స్త్రీదే. ఆ చేయి ఆగిన మగ్గము ఆగును. ఆమె పనికి నిచ్చిన విలువ ఆమె మాటకు మన మీయలేదు.

ఇచ్చట తెలుగు చక్కగా వ్రాయగలవారు తక్కువగుటచే సంబంధపు కాగితము వ్రాయించుకొనుటకు కొందరు తండ్రులు నాయొద్దకు వత్తురు. ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము, చదువు, ఎత్తు, రంగు – అన్నియు నుండును. పిల్ల కోరిక యుండదు. ఒకనాడు రుక్మిణీ సందేశమును పాఠముగా చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, "అయ్యా, మేమట్లు వ్రాసి పంపిన ఊరుకొందురా?" అని యడిగినది. తరగతి నవ్వినది. నాకు జవాబు తోచలేదు.

నాటినుండి పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టి, ఆమె కోరునదేమో యడిగి, ఆ రెండు వాక్యములను ఆమె చేతనే వ్రాయించుచున్నాను. కొందరు తండ్రులు సంతోషించిరి. కొందరు కాగితమును మడిచికొని వెడలిపోయిరి. పారాయణము మానుమని నేననను. చదివిన పిమ్మట ఆ పిల్లను ఒక్కమాట యడుగుడని మాత్రము తల్లిదండ్రులకు నా మనవి.