గబ్బిలం విన్నది, పెకోలాకు లేనిది

గుర్రం జాషువా కావ్యం ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. టోనీ మారిసన్ తొలి నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’ 1970లో అచ్చయినా, అందులో కథ నడిచేదీ 1941 ప్రాంతంలోనే, అమెరికాలోని ఒహైయో రాష్ట్రం లొరైన్ ఊళ్ళో. ఇక్కడ కులం, అక్కడ ఒంటి రంగు. మనిషి నోరు విప్పకముందే ‘వీళ్ళింతే’ అని తేల్చేసే లోకం రెండు చోట్లా ఉంది. ఆ ముద్ర మనిషి సంతోషాన్ని ఎంత లోతున దెబ్బ తీస్తుందన్న దగ్గర ఈ రెండు రచనలూ దారులు మార్చుకుంటాయి.

మారిసన్ నవలలోని నల్లపిల్ల పెకోలాకు పదకొండేళ్ళు. మూడు పెన్నీలు గుప్పిట పట్టుకుని మిఠాయి కొట్టుకు వెళ్తుంది. తెల్లవాడైన కొట్టతని చూపు ఆమె మీద నిలవదు. డబ్బులు తీసుకోవడానికి ఆ చెయ్యి తాకాల్సి వస్తుందని వెనకాడతాడు. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకు ఈ సన్నివేశం విడమరిచి చెప్పక్కర్లేదు. బయటికొచ్చాక పెకోలాకు కోపం వస్తుంది, కానీ నిలవదు. సిగ్గు మిగులుతుంది. తప్పంతా తన కళ్ళదేననుకుని, నీలికళ్ళు ఇమ్మని దేవుణ్ణి వేడుకుంటుంది. తల్లి పనిచేసే తెల్లవాళ్ళింట్లో వేడి వంటకం ఒలికి పెకోలా కాళ్ళు కాలుతాయి. తల్లి తన బిడ్డను కొట్టి, యజమానుల పాపను ఊరడిస్తుంది. తర్వాత తండ్రే ఆమెపై అఘాయిత్యం చేస్తాడు. అంతకు ముందే ఆ పిల్లకు ఇల్లు లేకుండా పోయింది.

జాషువా కావ్యనాయకుడు, దళితుడైన అరుంధతీసుతుడికీ బాధ తక్కువేం కాదు. ఆకలి ఉంది, అంటరానితనం ఉంది, అంతా పూర్వజన్మ కర్మ అని నోరు నొక్కే శాస్త్రం ఉంది. ఆ శాస్త్రాన్ని మాత్రం అతను నమ్మడు. తన చెమట లేనిదే పైరు పండదనీ, పండించిన తనకే కూడు లేదనీ అతనికి తెలుసు. అందుకే ఏడ్చినా తలదించుకోడు. తనకు ప్రవేశం లేని గుళ్ళో ఇష్టం వచ్చినట్టు తిరిగే గబ్బిలాన్ని పిలిచి, పూజారి లేని వేళ చూసి శివుడి చెవిన తన గోడు వేయమంటాడు.

పెకోలా కూడా చివరికి ఒకరితో మాట్లాడుతుంది. ఆ నేస్తం ఆమె చెదిరిన మనసే కల్పించుకున్నది. తనకు నీలికళ్ళు వచ్చేశాయని నమ్మాక, ‘నా కళ్ళు అందరికంటే నీలంగా ఉన్నాయా?’ అన్నదొక్కటే అక్కడి ఆరాటం. గబ్బిలం చేరవేసేది ఫిర్యాదు. పెకోలా నేస్తం చెవికి ఫిర్యాదే అందదు, ఎందుకంటే లోకం తీర్పును ఆ పిల్ల ఎప్పుడో ఒప్పేసుకుంది.

జాషువా దగ్గర నాకొక వెలితి కనబడుతుంది. అతని నాయకుడు పెద్దవాడు, వెనక కావ్యభాష బలగం ఉంది. కామారెడ్డి జిల్లా సదాశివనగర్, ఎల్లారెడ్డి వైపు లంబాడీ తండాల నుంచి బడికొచ్చే పిల్లలది మాత్రం పెకోలా ఈడు. ఇంటి భాషను వెక్కిరించినా, ‘నల్లపిల్ల’ అని పిలిచినా ఎదురు ప్రశ్న వేసే మాట ఆ వయసుకు ఇంకా రాదు. ఆ వయసు సంగతి మారిసన్‌కు తెలుసు. పెకోలా పక్కనే క్లాడియా అనే మరో పిల్లను నిలబెట్టింది. అదే ఊరు, అదే రంగు. బహుమతిగా ఇచ్చిన తెల్లబొమ్మను క్లాడియా ముక్కలు చేస్తుంది. వాళ్ళమ్మ కసురుకునే మనిషే, కానీ జబ్బు చేస్తే గుండెల మీద మందు రాస్తుంది, రాత్రి లేచి వచ్చి దుప్పటి సర్దుతుంది. క్లాడియా కోపం నిలిచింది అందువల్లనే అంటాను.