పావు అంగుళం వాటం

ఒహాయోలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో బేస్‌మెంట్ పని మొదలైందంటే చాలాసార్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారని అర్థం. ఇక్కడ చలికి నేల గడ్డకట్టే లోతు దాటి పునాది దించాలి. ఎలాగూ అంత తవ్వుతారు కాబట్టి కింద ఒక అంతస్తే కట్టేస్తారు. నెలల తరబడి ఉండబోయే పెద్దవాళ్ళకి ఆ కింది గది ఇచ్చాక, మోకాళ్ళ నొప్పులతో రాత్రిపూట మెట్లెక్కే పని పెట్టకూడదు. అందుకే బాత్‌రూమ్. సలహాకి పిలిచినవాళ్ళు టైల్స్ నమూనాలు ముందు పెడతారు. నా ధ్యాసంతా కాంక్రీటు కింద పడుకోబోయే మూడంగుళాల మురుగు పైపు మీదే. టైలు నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఆ పైపుని మళ్ళీ చూడాలంటే గచ్చు పగలగొట్టాలి.

లెక్క కమోడ్ దగ్గర మొదలుపెట్టకూడదు. ఇంటి మురుగంతా మోసే పెద్ద పైపు ఎంత లోతులో ఉందో ముందు ఒకచోట పగలగొట్టి కొలవాలి. అక్కడి నుంచి కమోడ్ వైపు అడుగుకి పావు అంగుళం చొప్పున ఎత్తు పెంచుకుంటూ రావాలి. 20 అడుగుల దూరానికి 5 అంగుళాలు. కమోడ్ కింద బెండు తిరగడానికి ఇంకొంత లోతు కావాలి. ఆ లోతు దొరక్కపోతే బాత్‌రూమ్‌నే పెద్ద పైపుకి దగ్గరగా జరపమంటాను. మూడంగుళాల పైపుకి అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు వాటం చాలని చాలా రాష్ట్రాల ప్లంబింగ్ కోడ్ ఒప్పుకుంటుంది. నా మనసు ఒప్పుకోదు. 1994 నుంచి ఇక్కడి ఇళ్ళకి అమ్మే కొత్త కమోడ్లు ఒక్క ఫ్లష్‌కి 1.6 గ్యాలన్లు, అంటే 6 లీటర్లు మించి వాడకూడదు. అంతకుముందువి 3.5 గ్యాలన్లు పోసేవి. అంత తక్కువ నీళ్ళు అంత దూరం మోసుకుపోవాలంటే వాటం తగినంత ఉండాలి.

తీరా వాటం సరిగ్గా పెట్టినా పైపు కింది మట్టి మోసం చేస్తుంది. వదులు మట్టి మీద పైపు వేసి, అక్కడక్కడ ఇటుక ముక్కలు దోపి, రసమట్టం పెడితే బుడగ ఉండాల్సిన చోటే ఉంటుంది. పైన కాంక్రీటు బరువు పడ్డాక ఇటుకకీ ఇటుకకీ మధ్య పైపు దిగుతుంది. దిగినచోట నీళ్ళు నిలుస్తాయి, కాగితం ఆగుతుంది, ఆ తర్వాత అన్నీ ఆగుతాయి. గట్టిగా దిమ్మిస కొట్టిన సన్న కంకర మీద పైపు పొడవునా ఆని పడుకోవాలి. పెద్ద పైపులో కలిపేచోట వై ముక్క, 45 డిగ్రీల బెండు వాడాలి. పడుకున్న పైపులో టీ వేస్తే మురుగు నేరుగా ఎదురుగోడని కొడుతుంది.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. కమోడ్‌లో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్ళే మురుగు వాయువు ఇంట్లోకి రాకుండా అడ్డుకునే తలుపు. పైపులోకి గాలి అందకపోతే ఫ్లష్ చేసినప్పుడల్లా పోయే నీళ్ళు పక్కనున్న షవరు, సింకుల అడుగు నీళ్ళని కూడా లాక్కుపోతాయి. కిటికీలు మూసి పెట్టుకునే శీతాకాలంలో పెద్దవాళ్ళు పడుకునే గదికి ఆ వాయువు చేరడం ఊహించలేను. సింకు నుంచి దిగే రెండంగుళాల పైపునే పైకి సాగదీసి ఇంటి గాలి పైపులో కలిపితే, నియమం ప్రకారం అమర్చినప్పుడు, అదే కమోడ్‌కీ ఊపిరి అవుతుంది.

కొన్ని ఇళ్ళలో పెద్ద పైపు బేస్‌మెంట్ గోడలోంచి, నేలకన్నా ఎత్తులో బయటికి పోతుంది. అప్పుడు గచ్చులో గొయ్యి తవ్వి, గట్టిగా మూసిన తొట్టిలో పంపు పెట్టి మురుగుని పైకి ఎత్తాలి. దానికీ సొంత గాలి పైపు కావాలి. కరెంటు పోతే ఆ పంపు ఆగుతుందని అమ్మానాన్నలకి ముందే చెప్పాలి.

ఇన్‌స్పెక్టర్ వచ్చి, పైపులు నీళ్ళతో నింపి, ఎక్కడా కారడం లేదని చూసేదాకా కాంక్రీటు లారీని పిలవద్దు. గుంత తెరిచి ఉండగానే టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి.

ఇంకొకటి కూడా అప్పుడే తేలిపోవాలి. కమోడ్ మధ్య నుంచి వెనక గోడకి 12 అంగుళాలని అందరూ కొలుస్తారు, అది జిప్సం బోర్డు కొట్టిన గోడ నుంచి. ఒట్టి కట్టెల నుంచి కొలిస్తే ఆ బోర్డు మందం అర అంగుళం కలపాలి. పక్క గోడకి కోడ్ అడిగేది 15 అంగుళాలే అయినా పెద్దవాళ్ళుండే ఇంట్లో నేను 18 పెట్టిస్తాను, పట్టుకుని లేచే కడ్డీకి గోడలో చెక్క కూడా బిగించమంటాను. కడుక్కోవడానికి జెట్ స్ప్రే ఎలాగూ కావాలి, దానికి చన్నీళ్ళతోపాటు వేడినీళ్ళ పైపు కూడా తీయించండి. జనవరిలో ఇక్కడి కుళాయి నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు.