ఒక్క అబద్ధానికి ఒప్పుకుంటే

ఈ మధ్య ఏం చదువుతున్నారని అడిగినవాళ్ళకు సైన్స్ ఫిక్షన్ అని చెబితే రెండు రకాల స్పందనలు వస్తాయి. కొందరు "ఇంకా పిల్లల కథలేనా?" అన్నట్టు నవ్వుతారు. ఇంకొందరు మర్యాదస్తులు. "అందులో రాసినవన్నీ తర్వాత నిజమయ్యాయట కదండీ" అంటూ నా పరువు కాపాడబోతారు. మొదటివాళ్ళతో నాకు పేచీ లేదు. ఇబ్బందల్లా రెండోవాళ్ళతోనే. జోస్యమే కావాలంటే పంచాంగం ఉంది. ఈ కథలు నేను చదివేది సరదా కోసం.

ఆర్థర్ సి. క్లార్క్ పేరెత్తగానే ఉపగ్రహాల సంగతి వస్తుంది. భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు పంపవచ్చని ఆయన 1945లో రాసిన మాట నిజమే. కానీ అది కథ కాదు, ఒక పత్రికలో వచ్చిన సాంకేతిక వ్యాసం. కథల్లో ఆయన చేసిన పని వేరు. 1953 నాటి ‘ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’లో టిబెట్ లామాలు న్యూయార్క్ కంపెనీ దగ్గర ఒక కంప్యూటర్ అద్దెకు తీసుకుంటారు. దేవుడికి ఉండగల పేర్లన్నీ రాసి ముగించడం వాళ్ళ వ్రతం. చేత్తో రాస్తే పదిహేను వేల ఏళ్ళు పట్టే పని, యంత్రానికి వంద రోజుల్లో తెమిలిపోతుంది. జాబితా పూర్తయితే ఏమవుతుంది? చెప్పను. నవ్వుకుంటూ చదువుతూపోయిన నేను చివరి వాక్యం దగ్గర ఉలిక్కిపడి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇలాంటి కథల్లో రచయితకూ పాఠకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ఒక్క అబద్ధాన్ని మనం పేచీ పెట్టకుండా ఒప్పుకోవాలి. అక్కడి నుంచి మిగతాదంతా నిజాయితీగా నడపడం రచయిత పూచీ. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అంటారు మనవాళ్ళు. ఈ కథలకు మాత్రం కాళ్ళుండాలి, అవి నేల మీదే నడవాలి. వింత ఒకటి చాలు, తక్కినదంతా మనుషుల మామూలు బతుకులా ఉండాలని హెచ్.జి. వెల్స్ కూడా అన్నాడు. 1895లో వచ్చిన ఆయన ‘టైమ్ మెషీన్’లో ఆ యంత్రం ఒక్కటే అబద్ధం. చెమటోడ్చేవాళ్ళూ, కూర్చుని తినేవాళ్ళూ లక్షల ఏళ్ళపాటు వేరువేరుగా బతికితే చివరికి ఏమవుతారన్న ప్రశ్న మాత్రం ఆయన కళ్ళెదుటి ఇంగ్లండుదే. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’కు ప్రేరణ ఆ నవలే. అయితే మన యంత్రం వెళ్ళి దిగింది కృష్ణదేవరాయల కాలంలో!

తెలుగునాట చాలామందికి ఈ ఒప్పందం నేర్పింది చందమామ. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్‌కి రచయిత పేరు వేసేవారు కాదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే పిల్లలూ పెద్దలూ వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూశారు. ఆ మాంత్రికులనూ రాక్షసులనూ నమ్మినవాళ్ళకు వేరే గ్రహాలు నమ్మడం ఏమంత కష్టం?

మరి ఆ అబద్ధం వెనకున్న సైన్సే తప్పని తేలితే? రే బ్రాడ్‌బరీ 1954లో రాసిన ‘ఆల్ సమ్మర్ ఇన్ ఎ డే’ శుక్రగ్రహం మీద జరుగుతుంది. అక్కడ వాన ఆగదు. ఏడేళ్ళకోసారి రెండు గంటలు ఎండ కాస్తుంది. భూమి నుంచి వచ్చిన మార్గో అనే పిల్లకు మాత్రమే ఎండ గుర్తుంది. ఆ ఓర్వలేనితనంతో, సూర్యుడు కనిపించబోయే రోజునే, తోటి పిల్లలు ఆమెను అల్మారాలో పెట్టి తలుపు వేసేస్తారు. 1962లో మారినర్ 2 శుక్రుడి పక్కగా వెళ్ళి, అక్కడి నేల కొలిమిలా ఉందని చెప్పింది. కథలో సైన్స్ పోయింది, కథ మాత్రం చెక్కుచెదరలేదు. తనకు లేనిది పక్కవాడికి ఉంటే కళ్ళలో నిప్పులు పోసుకోవడం ఏ గ్రహం మీదైనా ఒకటే.

డేనియల్ కీస్ 1959 నాటి కథ ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్’లో ఇంకో తరహా ఆనందం ఉంది. ఊడ్చే పని చేసే చార్లీకి బుద్ధి ఎదగలేదు. ఒక ఆపరేషన్‌తో మేధావి అవుతాడు. కథంతా అతను రాసుకున్న నివేదికలే. మొదట అడుగడుక్కీ అక్షరదోషాలు, క్రమంగా నిండైన వాక్యాలు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మళ్ళీ దోషాలు. ఎవరూ ఏదీ విడమరిచి చెప్పరు. ఆ తప్పులు చూసి మనమే గ్రహించాలి, గ్రహించగానే గుండె జారిపోతుంది. సుఖాంతం చేయమని ఒక సంపాదకుడు అడిగితే కీస్ ఒప్పుకోలేదట. ఒప్పుకుని ఉంటే ఇవాళ ఈ కథ ఎవరికి గుర్తుండేది? 1966లో దాన్నే నవలగా పెంచాడు. నవలా బాగుంటుంది, నా ఓటు మాత్రం కథకే.

ఫాంటసీ దగ్గరికొస్తే నాకు నవలే ఇష్టం. అక్కడ కొన్నాళ్ళు కాపురం ఉండాలి. ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968)లో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. కానీ ప్రతి మంత్రమూ లోకం సమతూకాన్ని కదిలిస్తుంది. పొగరుతో చేసిన ఒక్క మంత్రానికి కుర్రవాడైన గెడ్ పుస్తకమంతా మూల్యం చెల్లిస్తాడు. మంత్రానికి ఖరీదు లేని ఫాంటసీ నాకు పది పేజీలు కూడా సాగదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట. మొదటి పేజీల్లో తెలియని ఊళ్ళూ, నోరు తిరగని పేర్లూ మీద పడతాయి. గూగుల్ తెరవకండి, చదువుతూ పోండి. కాసేపటికి మీరూ ఆ ఊరివాళ్ళే అయిపోతారు. నవల జోలికి వెళ్ళేముందు పైన చెప్పిన కథల్లో ఒకటి చదవండి. నచ్చకపోతే మధ్యలోనే పక్కన పెట్టేయండి. సరదాకి చదివే పుస్తకానికి పరీక్ష లేదు, మార్కులు తగ్గించేవాళ్ళూ లేరు.